జల్లెడ మీద మిగిలింది

“చలిగది తాళంచెవి ఎవరి దగ్గరుంటది యాకయ్యా?”

“నా దగ్గరే ఉంటది మేడం.”

“ఇంకెవరి దగ్గర?”

“ఇంకెవరి దగ్గరుంటది? ఒక్కటే చెవి. నేను గాక ఎవ్వలు తియ్యరు.”

ఆ మాట అంటున్నప్పుడు యాకయ్య చేయి చొక్కా జేబు మీదికి పోయి అక్కడే ఆగిపోయింది. సుభాషిణి అతని మొహాన్ని వదిలేసి ఆ చేతినే చూస్తూ కూర్చుంది. డిటెక్టివ్ పనిలోకి రాకముందు ఆమె కాలేజీలో సైకాలజీ పాఠాలు చెప్పేది. ఆ పుస్తకాల్లో చాలావరకు మర్చిపోయింది. భయపడ్డ మనిషి చేతులు ఎటు పోతాయో చూడాలన్న సంగతి మాత్రం మర్చిపోలేదు. ఇతను కాపాడుతున్నది తాళంచెవినా, దాన్ని అడిగి తీసుకున్న మనిషినా?

“దసరా సెలవుల్ల కంప్రెసర్ చెడిపోయింది గదా. లోపలి మట్టి కోర్లన్నీ ఎక్కడ పెట్టిండ్రు?”

“మిర్చి కోల్డ్ స్టోరేజీల పెట్టినం. చలి లేకుంటే మట్టికి బూజు పడ్తది. ట్రాలీ ఆటోల ఏస్కోని నేనే పోయిన. అన్ని పోయినయి, అన్ని వచ్చినయి. ఒక్కటి తక్కువ కాలే.”

“తక్కువైనయా అని నేను అడగలేదు యాకయ్యా.”

ఆ తర్వాత ఎన్ని అడిగినా “నాకేం ఎరుక మేడం” తప్ప ఇంకో మాట రాలేదు. వరంగల్‌లోని ఆ యూనివర్సిటీ వృక్షశాస్త్ర విభాగంలో అటెండరుగా అతని సగం జీవితం గడిచింది. అతనితో అబద్ధం చెప్పించగల మనిషి ఎవరో మామూలువాడై ఉండడు. సుభాషిణి లేచింది. గోడగడియారంలో ఒకటిన్నర. కమిటీ నాలుగింటికి.

నాలుగింటికి ఆ కమిటీ తేల్చబోయేది ప్రీతి అబద్ధాలకోరా కాదా అని.

ప్రీతి పరిశోధన చేసింది సముద్రపు మట్టి మీద. కృష్ణానది సముద్రంలో కలిసేచోటికి దగ్గర్లో గుల్లలదిబ్బ అనే ఊరుంది. అక్కడి ఒడ్డులోకి పొడవాటి గొట్టం దింపి, మూడు మీటర్ల మట్టిని చెక్కుచెదరకుండా పైకి తీసింది. అలా తీసిన మట్టినే కోర్ అంటారు. ఎంత కిందికి పోతే అంత పాతకాలం. ప్రతి పొరలోనూ ఆ కాలంలో అక్కడ పెరిగిన చెట్ల పుప్పొడి చిక్కుకుని ఉంటుంది, వేల ఏళ్ళయినా చివకదు. ఆ పుప్పొడిని మైక్రోస్కోపు కింద గుర్తుపట్టి ప్రీతి తేల్చిందేమంటే, మూడువేల ఏళ్ళుగా అక్కడ మడ అడవి ఉంది. వానలు తప్పిన కాలాల్లో పలచబడింది, వానలు తిరిగొచ్చినప్పుడు మళ్ళీ కమ్ముకుంది. ఈ మధ్యే నరికేశారు. అక్కడ జెట్టీ కట్టాలనుకుంటున్న కంపెనీకి ఈ మాట నచ్చలేదు. అడవి అనేదే ఎప్పుడూ లేదని వాళ్ళ వాదన.

ఇలాంటి తగాదా వస్తే తేల్చుకోవడానికే కోర్‌ని నిలువునా రెండుగా చీలుస్తారు. ఒక సగంతో పరిశోధన చేస్తారు. రెండో సగం చలిగదిలో ఉంటుంది, అనుమానం ఉన్నవాళ్ళు కోసి చూసుకోవచ్చు. కంపెనీ తరఫున డాక్టర్ శ్యాంసుందర్ వచ్చి ఆ రెండో సగాన్ని కోసి చూశాడు. మడచెట్టు పుప్పొడి ఒక్కటంటే ఒక్కటి లేదు, ఉప్పునేలల్లో పెరిగే చిట్టి మొక్కల పుప్పొడే అంతా అని రిపోర్టు ఇచ్చాడు. చివర్లో ఒక వాక్యం కూడా చేర్చాడు: ‘పరిశోధకురాలు మడ అడవిని ఊహించుకుని ఉండవచ్చు.’

ఊహించుకుందట! అయిదేళ్ళు మైక్రోస్కోపు మీద మెడ వంచి కూర్చున్న పిల్ల. ఆ వాక్యం గుర్తొచ్చినప్పుడల్లా సుభాషిణి దవడలు బిగుసుకుపోతున్నాయి. దొంగ అని ఉంటే తిరగబడటానికి ఒక దారి ఉండేది. ఊహించుకున్నావంటే ఎవరితో పోట్లాడాలి, తన కళ్ళతోనా?

లాబ్‌లో ప్రీతి మైక్రోస్కోపు ముందు కూర్చుని ఉంది. దాని మీద స్లైడు లేదు. దీపం మాత్రం వెలుగుతోంది.

“మేడం, నేను నిజంగనే చూసిన్నా?” అంది తల ఎత్తకుండా.

“చూడలేదని ఎవరన్నరు?”

“ఎవ్వరనలే. మా గైడ్ సారే అన్నరు, అలసిన కండ్లకు మనం కోరుకునేదే కనిపిస్తదని. నా మంచికే అన్నరు. రాత్రంత అదే ఆలోచించిన. ఇప్పుడు కండ్లు మూస్కుంటే ఆ మడచెట్టు పుప్పొడి ఎట్లుంటదో కూడా యాదికి వస్తలేదు.”

ఈ పిల్ల తల్లి సువార్తమ్మ ఆమెకు ఈ కేసు అప్పగించినప్పుడు “నా బిడ్డ అన్నం తింటలేదు” అని మాత్రమే అంది. అన్నం సంగతి అటుంచి, ఈ పిల్ల దగ్గర్నుంచి ఇంకా పెద్దదేదో లాగేసుకున్నారు.

అప్పుడే ప్రొఫెసర్ ఆనందరావు వచ్చాడు. ప్రీతికి గైడ్. తల ముగ్గుబుట్ట, మాట మెత్తన. తానే ఫ్లాస్కులోంచి టీ పోసి, చక్కెర తక్కువ వేసి, ప్రీతి ముందు పెట్టాడు.

“సుభాషిణి గారూ, మీ కష్టం చూస్తున్న. కానీ టైం లేదు. రిజిస్ట్రార్‌తోటి మాట్లాడిన. పొరపాటైందని ఈ బిడ్డ ఒక కాయితం రాసిస్తే పోలీసుల దాకా పోనియ్యనన్నడు. ఇంకో టాపిక్ ఇస్త, రెండేండ్లల్ల పీహెచ్‌డీ అయిపోతది.”

“చేయని పొరపాటుకు కాయితం ఎందుకు రాయాలె సార్?”

“తండ్రి లాంటోణ్ణి. బిడ్డ జైలుకు పోతుంటే చూసుకుంట కూసోమంటరా?” అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నాలుగింటికి ముందు నా గదికి రా బిడ్డా. నిన్నేం బలవంతపెట్ట. కూసోని మాట్లాడుకుందం.”

ఆయన వెళ్ళాక సుభాషిణి ఆ టీ గ్లాసును పక్కకు జరిపింది. ఆమెకు ఆయన మీద కోపం వచ్చింది, పిరికి మంచివాళ్ళ మీద వచ్చేలాంటి కోపం. పిల్లకు అన్యాయం జరుగుతుంటే గొంతెత్తాల్సిందిపోయి, నొప్పి తెలియకుండా తల వంచడం నేర్పుతున్నాడు.

“లే ప్రీతీ. మైక్రోస్కోపు ఆర్పకు. చలిగదికి పోదాం.”

యాకయ్య మాట్లాడకుండా తలుపు తీశాడు. లోపల ఇనుప అరల మీద పొడవాటి సగం గొట్టాలు, ప్లాస్టిక్ కాగితం చుట్టుకుని, నిద్రపోతున్న పాముల్లా ఉన్నాయి. గుల్లలదిబ్బ కోర్ కింది అరలో ఉంది. ప్రీతి కాగితం విప్పి, అడుగు చివర, అంటే అన్నిటికన్నా పాత మట్టి ఉండాల్సిన చోట, కత్తితో చిన్న ముక్క కోసింది. సుభాషిణి వాసన చూసింది. వట్టి మట్టి వాసన.

“సముద్రం బురద కంపు కొట్టదా?”

“తీసినప్పుడు కొడ్తది మేడం. చలిల ఏండ్లు ఉంటే పోతది. వాసన చెప్తే కమిటీల నవ్వుతరు.”

లాబ్‌కి తిరిగొచ్చాక సుభాషిణి స్టూలు లాక్కుని ప్రీతి పక్కన కూర్చుంది. “ఈ మట్టిలోంచి పుప్పొడి ఎట్ల తీస్తరో మొదటికెళ్ళి చెప్పు. శ్యాంసుందర్ ఏం చేసి ఉంటడు?”

“అందరు చేసేదే. ముందు నీళ్ళల్ల కలిపి సన్న జల్లెడల వడకడ్తరు. పుప్పొడి చిన్నది గదా, నీళ్ళతోటి కిందికి దిగుతది. దాన్ని యాసిడ్లతోటి శుభ్రం చేసి చూస్తరు. పైన మిగిలేది ఇసుక, చెత్త. పారబోస్తరు.”

“నువ్వు కూడానా?”

“నేను పారబోయ. గింజలు, గుల్లల ముక్కలు ఉంటయని చిన్న సీసాల్ల దాచిపెడ్త. సారు తిడ్తరు, జాగ దండుగని.”

“శ్యాంసుందర్ కింద దిగింది చూసిండు. మనం పైన మిగిలింది చూద్దాం.”

ప్రీతి మట్టిని వడకట్టింది. జల్లెడ మీద చిటికెడంత నలక మిగిలింది. దాంట్లో కొంచెం స్లైడు మీద పెట్టి, మైక్రోస్కోపుకి కన్ను ఆనించింది. ఆమె చేయి ఫోకస్ మరను తిప్పడం మానేసింది.

“ఏమైంది?”

“ఇదేంది మేడం ఇక్కడ?”

సుభాషిణి వంగి చూసింది. ఇసుక రేణువుల మధ్య నారింజరంగు బంతి ఒకటి, ఒంటినిండా ముళ్ళతో. దాని పక్కన ఇంకోటి.

“గుమ్మడి పుప్పొడి” అంది ప్రీతి. “మన దగ్గరి పుప్పొళ్ళల్ల ఇంత పెద్దవి శాన తక్కువ. జల్లెడల దిగదు. గాలికి లేవదు. పువ్వే వచ్చి మట్టిల పడాలె.”

“మూడువేల ఏండ్ల కింద సముద్రం ఒడ్డున గుమ్మడితోట ఉండెనేమో?”

“ఈ గుమ్మడి మన దేశానికి వచ్చిందే అమెరికా కెళ్ళి. వచ్చి అయిదు నూర్ల ఏండ్లు గూడ కాలేదు మేడం. మూడువేల ఏండ్ల మట్టిల ఇది ఉండనే ఉండదు.”

సుభాషిణి స్టూలు ఇంకా దగ్గరికి జరుపుకుంది. “శ్యాంసుందర్ చెప్పిన ఉప్పు మొక్కల పుప్పొడి ఎట్లుంటది?”

“చిన్న బంతి లెక్క, ఒంటినిండ చిల్లులు. ఆ జాతంత ఒక్క తీరే ఉంటది. తోటకూర, గునుగు, అన్ని. పుప్పొడి చూసి విడదీసుడు కష్టం.”

“గునుగా?”

“అవును మేడం. ఎందుకు?”

సుభాషిణి కళ్ళ ముందు ఇత్తడి తాంబాళం నిలిచింది. పక్కన కుప్పలుగా గునుగు పూలు, రంగుల్లో ముంచి ఆరబెట్టినవి. మధ్య మధ్య తంగేడు, బంతి. వరస మీద వరస తిప్పుతూ పేరుస్తున్న అమ్మ చేతులు. అంతా పేర్చాక, అన్నిటికన్నా పైన...

“ప్రీతీ, నువ్వెప్పుడన్న బతుకమ్మ పేర్చినవా?”

“లేదు మేడం. మా ఇంట్ల పేర్చరు. రోడ్డు మీద తీస్కపోతుంటే చూసుడే.”

“కొస మీద ఏం పెడ్తరో తెలుసా? గుమ్మడిపువ్వు. దాంట్లనే గౌరమ్మను కూసోవెడ్తరు. తొమ్మిది దినాలు ఆడి, చెరువుల వదుల్తరు. ఏటా. అవే మెట్ల కాడ.”

ప్రీతి మైక్రోస్కోపు వదిలి ఆమె వైపు తిరిగింది.

“ఇది సముద్రం మట్టి కాదమ్మా. మన ఊరి చెరువు మట్టి. బతుకమ్మ మెట్ల పక్కకెళ్ళి తీసి గొట్టంల నింపిండ్రు. అసలు సగం ఎక్కడున్నదో నాకు తెల్వది. కానీ ఇది మాత్రం నీది కాదు.”

ప్రీతి రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందనుకుంది సుభాషిణి. చేతులు తీస్తే నవ్వుతోంది, బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి.

“అయితే నేను చూసిన మేడం. నిజంగనే చూసిన!”

జల్లెడ మీద మిగిలిన నలకను సీసాలోకి ఊడ్చుకుంది. “సారుకు చూపిచ్చి వస్త. పాపం, పొద్దటికెళ్ళి నీళ్ళు గూడ తాగలే” అంటూ పరుగెత్తింది. సుభాషిణి ఆపలేదు. అయిదు రోజుల్లో ఆ పిల్ల అడుగులు అంత తేలిగ్గా పడటం ఆమె వినడం అదే మొదటిసారి.

మడికొండ నుంచి శ్యాంసుందర్ రెండు ముప్పావుకు వచ్చాడు. ఐటీ పార్కులో అద్దాల లాబ్ ఉన్నవాడు. గుమ్మంలోనే ఆగి లోపలికి ఒకసారి చూశాడు.

“నన్ను అర్జెంటుగా రమ్మన్నది మీరేనా? మొగుడూ పెళ్ళాల కేసులు చూసే డిటెక్టివ్‌లు సైన్సులోకి ఎప్పుడొచ్చారండీ?”

“సైన్సులోకి అబద్ధం వచ్చినప్పుడు.”

“అబద్ధం చెప్పింది మీ క్లయింటు. నేను లెక్క చెప్పాను.”

“ఆ లెక్క గురించే అడుగుతున్నాను. మూడు మీటర్ల మట్టి, మూడువేల ఏళ్ళు. మీ రిపోర్టులో పైనుంచి కిందిదాకా ఒకటే తీరు. ఇన్ని వేల ఏళ్ళలో ఒక్క కరువు రాలేదా? ఒక్క వరద రాలేదా? ఇంత మారని చోటు భూమ్మీద ఇంకెక్కడైనా చూశారా మీరు?”

“ఉప్పుదిబ్బకు కరువేంటి, వరదేంటి?”

“ఆ ప్రశ్న ఇక్కడికి రాకముందే మిమ్మల్ని మీరు వేసుకోవాల్సింది. వేసుకోలేదు. మీకు కావాల్సిన జవాబే దొరికింది కాబట్టి వేసుకోలేదు. ఆ తర్వాత, ఊహించుకుందని రాశారు! అది ఎవరికి పట్టిన జబ్బు డాక్టర్ గారూ?”

అతని మొహం కందగడ్డ అయింది. “మాటలు తిన్నగా రానివ్వండి.”

“మాటలొద్దు. చూడండి.”

అతను మైక్రోస్కోపు మీద వంగాడు. వంగినవాడు వెంటనే లేవలేదు. చెవులు ఎర్రబడటం సుభాషిణి చూస్తూనే ఉంది. లేచాక గొంతు సవరించుకున్నాడు.

“కల్తీ. మీ చేతుల్లోంచి పడి ఉంటుంది.”

“అయితే మీ చేతులతో మీరే కోయండి. మీ కత్తి, మీ జల్లెడ, మీ భూతద్దం. నేను ముట్టుకోను.”

యాకయ్య మళ్ళీ చలిగది తలుపు తీశాడు. లోపల శ్యాంసుందర్ ఎక్కడ కోయాలో తానే ఎంచుకున్నాడు, నడిమధ్య. జేబులోని చిన్న జల్లెడ మీద ముక్కను పెట్టి, పిచికారీ సీసాతో నీళ్ళు చల్లి కడిగి, భూతద్దం కింద దీపానికి ఎదురుగా పట్టుకున్నాడు. నారింజరంగు చుక్కలు. ఒకటి, రెండు, ఒక గుంపు.

ఊపిరి ఆవిరై అతని కళ్ళద్దాలను కమ్మేసింది. తుడుచుకోలేదు.

“నన్ను పిచ్చోణ్ణి చేసిండ్రు” అన్నాడు. అంతదాకా పెట్టుకున్న పుస్తకాల భాష జారిపోయింది.

“మిమ్మల్నా?” సుభాషిణి గొంతు ఆ ఇరుకు గదిలో ఖంగుమంది. “మీరు రిపోర్టు ఇచ్చి ఇంటికి పోయి నిద్రపోయారు. పిచ్చిదాన్ని చేసింది ఆ పిల్లని! తన కళ్ళను తానే నమ్మకుండా చేశారు. ఇంత జరిగాక కూడా మీకు మీ పరువే కనిపిస్తోందా?”

సుభాషిణి కోపాన్ని మింగి ఆలోచించడానికి ప్రయత్నించింది. దొంగ ఏదో ఒక బురద తెచ్చి నింపి ఉంటే చెరువు నాచు, తామర, ఇంకేవేవో కనిపించి మొదటిరోజే దొరికిపోయేవాడు. ఇతను గునుగు నిండిన మట్టినే వెతికి తెచ్చాడు. దాన్ని చూసినవాడు ఉప్పు మొక్క అనుకుంటాడని తెలిసి తెచ్చాడు.

“గునుగూ ఉప్పుమొక్కా ఒకేలా కనిపిస్తాయని ఈ ఊళ్ళో ఎవరెవరికి తెలుసు?”

“నాకు.”

“ఇంకా?”

“ప్రీతికి.”

“గుమ్మడిని చూసి ఆ పిల్ల నాకంటే ముందు అదిరిపడింది. తాను పెట్టినదైతే తన చేత్తో నాకు తీసి చూపించదు. ఇంకా?”

శ్యాంసుందర్ జల్లెడను మెల్లగా కింద పెట్టాడు. “ఎమ్మెస్సీల మా మొదటి ప్రాక్టికల్ అదే. రెండు స్లైడ్లు పక్కపక్కన పెట్టి ఏది ఏందో చెప్పుమనేది. ఒక్కలం చెప్పకపోయేది. నవ్వేది. ‘పుప్పొడి ముందు వినయం ఉండాలె’ అనేది.” కింద పెట్టిన జల్లెడ వైపు చూశాడు. “జల్లెడ మీద మిగిలింది పారబోయమని నేర్పింది గూడ ఆయననే. అందరం పారబోస్తం. నేను పారబోస్త అని ఆయనకు ఎరుక.”

“ఎవరు?”

“ఆనందరావు సార్.”

ప్రీతి ముందు పెట్టిన టీ గ్లాసు, కళ్ళలో నీళ్ళు, అలసిన కళ్ళకు మనం కోరుకునేదే కనిపిస్తుందన్న మాట, అన్నీ ఒక్కసారి తమ అసలు రూపంలో సుభాషిణి ముందు నిలబడ్డాయి. పిరికి మంచితనం అనుకుని తాను క్షమించింది. నెలల తరబడి ఓపిగ్గా, మెత్తగా, ఒక మనసును లోపల్నుంచి తవ్వుతున్న మనిషి ఆయన. గునుగును మైక్రోస్కోపు కింద ఆయనకన్నా బాగా ఎరిగినవాడు ఈ ఊళ్ళో లేడు. కానీ ఆయన ఇంట్లో ఎవరూ ఎప్పుడూ బతుకమ్మ పేర్చి ఉండరు. కొస మీద గుమ్మడిపువ్వు పెడతారన్నది ఆయన పుస్తకంలో లేదు.

“ఎందుకు?” అంది పైకే.

“రిటైరైనంక ఆ కంపెనీ సలహా మండలికి సారే చైర్మన్ అంటున్నరు. నేను సంతోషపడ్డ, పెద్దమనిషికి మర్యాద దొరికిందని. పాత కోర్ సగమే చూడు, కొత్తది తియ్యొద్దు అని నాకు చెప్పింది గూడ...”

మిగతాది సుభాషిణి వినలేదు. ప్రీతి సీసా పట్టుకుని పరుగెత్తింది ఆయన గదికే. సుభాషిణి ఫోన్ తీసింది. ఈ మందపాటి గోడల మధ్య సిగ్నల్ లేదు. తలుపు వైపు తిరిగేసరికి అది మూసుకుంటోంది. బయట గడియ పడింది. లోపలివైపు పిడి ఉండాల్సిన చోట ఒక బొక్క మాత్రమే ఉంది.

శ్యాంసుందర్ తలుపు మీద దబదబా బాదాడు. “యాకయ్యా! ఏయ్ యాకయ్యా!”

తలుపుకున్న చిన్న అద్దంలో యాకయ్య మొహం కనిపించింది. గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు వచ్చింది.

“ఫికర్ చెయ్యకుండ్రి సార్. మీటింగ్ అయిపోంగనే తీస్త. చలి గూడ జర తక్కువ పెట్టిన.”

“యాకయ్యా, నా మాట విను!” సుభాషిణి అద్దానికి మొహం ఆనించి అరిచింది. “ఆ పిల్ల చేత సంతకం పెట్టిస్తడు. చేయని తప్పుకు. నీకు తెలుసు. కంప్రెసర్ బాగయినంక ఆ చెవి ఎవరు తీస్కున్నరో నీకు తెలుసు!”

“నాకేం ఎరుక మేడం” అన్నాడు యాకయ్య. అతని చేయి జేబు మీదే ఉంది. “సారు నా కొడుకును చదివిచ్చిండు.”

అతని భుజం మీదుగా వరండా చివరిదాకా కనిపిస్తోంది. కమిటీ గది వైపు ఆనందరావు నడుస్తున్నాడు, పక్కన ప్రీతి. ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. ఏదో చెబుతూ రెండు చేతులతో గాల్లో గుండ్రంగా చూపిస్తోంది, ఇంత పెద్దది సార్, ఇంత పెద్దది అన్నట్టు. ఆయన ప్రతి మాటకూ తల ఊపుతున్నాడు. ఒక చేయి ఆమె తల మీద ఉంది. రెండో చేతిలో ఆ చిన్న సీసా, మూత తీసి, నేల వైపు వంగి ఉంది.